పిట్టల పాఠాలు – 12: నిండిన నోటుబుక్కును చదవడం, వచ్చే ఏడాదికి గీతలు గీసుకోవడం

ఈ పాఠంలో కొత్త పిట్ట ఒక్కటి కూడా లేదు. బైనాక్యులర్ కూడా అక్కర్లేదు. కావలసినవి మీ నోటుబుక్కు, ఒక పెద్ద చార్టు కాగితం, స్కేలు, రెండు రంగుల పెన్నులు, ఒక మధ్యాహ్నం. రోహిణి కార్తెలో హనుమకొండ, వరంగల్ దిక్కున పదకొండు దాటితే పిట్టా బయటికి రాదు, మనిషీ రాడు. ఇలాంటి పని పెట్టుకోవడానికి అదే మంచి సమయం.

మూడో పాఠంలో ప్రతి నడకకూ ఐదు సంగతులు రాయమన్నాను. తేదీ, చోటు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, కనిపించినా వినిపించినా సరే గుర్తుపట్టిన పిట్టలన్నీ. ఆ చివరి ‘అన్నీ’ మీద ఎందుకంత పట్టుబట్టానో ఈ రోజు తెలుస్తుంది. కాకిని, గోరింకను, గుడ్డికొంగను ‘ఇవేం రాస్తాంలే’ అని వదిలేసినవాళ్లకు ఈ పాఠం సగమే పనికొస్తుంది. మిగతా సగం వచ్చే ఏడాదికి దాచుకోండి.

ఏడాది తిరగగానే చాలామంది చేసేది ఒక్కటే పని. మొత్తం ఎన్ని జాతులయ్యాయో లెక్కపెట్టుకుంటారు. ‘నాకు నూటనలభై అయినయి, నీకెన్ని?’ అని ఒకరినొకరు అడుగుతారు. సరదాకు పర్వాలేదు. కానీ ఆ అంకె పిట్టల గురించి చెప్పేదానికంటే మనం పోయించిన పెట్రోలు గురించి చెప్పేదే ఎక్కువ. కవ్వాల్ అడవికి రెండుసార్లు వెళ్లొస్తే అంకె పెరుగుతుంది, పరీక్షలొచ్చి ఇంట్లో కూర్చుంటే తగ్గుతుంది. రెండు సందర్భాల్లోనూ మీ చెరువు మీద పిట్టలు ఉన్నన్ని ఉన్నాయి. నోటుబుక్కులో అంతకంటే విలువైనది ఉంది, దాన్ని బయటికి తీసే పద్ధతే ఈ పాఠం.

ఏడాది ఎక్కడ మొదలుపెట్టాలి?

జనవరి 1 నుంచి మాత్రం వద్దు. వలస బాతులు మన చెరువుల మీదికి అక్టోబరు, నవంబరుల్లో దిగి మార్చి దాకా ఉంటాయి. జనవరితో ఏడాది మార్చితే ఒకే గుంపు, ఒకే శీతాకాలం రెండు ముక్కలై సగం పాత పుస్తకంలో, సగం కొత్త పుస్తకంలో పడుతుంది. ఆ తర్వాత వాటిని అతికించుకోవడం పెద్ద తలనొప్పి. పక్షి ప్రేమికుల్లో కొందరు నవంబరు 12తో, అంటే 1896లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టిన రోజుతో మొదలుపెడతారు. ఆయన మీద గౌరవం నాకూ ఉంది. 1931–32లో నైజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పిట్టల సర్వే చేసింది ఆయనే. అయినా నవంబరు 12 కూడా శీతాకాలాన్ని మెడ దగ్గర కోస్తుంది.

మన దగ్గర పిట్టల ఏడాది మృగశిరతో మొదలవుతుందని నా అభిప్రాయం. జూన్ 8 నాటికి వలస పిట్టలు దాదాపు అన్నీ వెళ్లిపోయి ఉంటాయి. తొలకరి పడగానే ఇక్కడి పిట్టలు చాలావాటికి గూళ్ల కాలం అందుకుంటుంది. గిజిగాడు పసుపు రంగు తొడుక్కుంటాడు, చాతకం గొంతు వినబడుతుంది, రైతు వానాకాలం పంటకు దుక్కి దున్నుతుంటే నాగలి వెంటో ట్రాక్టరు వెంటో కొంగలు చేరతాయి. పాత కథ ముగిసి కొత్తది మొదలయ్యే సంధి అది. అక్కడ గీత గీస్తే ఏ కాలమూ రెండుగా తెగదు.

ఇరవై ఏడు గళ్ల కాగితం

చార్టు మీద నెలలకు బదులు కార్తెలు వేయమంటాను. చాదస్తం కాదు, లెక్క. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం కార్తె. 27 కార్తెలకు ఒక్కోదానికి 13, 14 రోజులు వస్తాయి. నెల అనేది పిట్టలకు మరీ పెద్ద గడి. అక్టోబరు మొదట్లో లేని బాతు చివరికి వచ్చేస్తుంది, ‘అక్టోబరులో ఉంది’ అని రాస్తే ఆ సంగతి కప్పబడిపోతుంది. వారమేమో మరీ చిన్నది, ఉద్యోగం చేసేవాళ్లకు సగం గళ్లు ఖాళీగానే మిగులుతాయి. పిట్టల జాబితాలు అందరూ నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్ వాళ్లు ఏడాదిని 48 ముక్కలు చేస్తారు. దేశమంతా కలిసి నింపుతుంది కాబట్టి వాళ్లకు అది చెల్లుతుంది. ఒక మనిషికి, ఒక చెరువుకు రెండు వారాల గడి సరిగ్గా సరిపోతుంది. పైగా కార్తెల తేదీలు ఇంగ్లిషు క్యాలెండరుతో పాటే నడుస్తాయి, తిథుల్లాగా ఏటా జరగవు. ఏ ఏడాదైనా ఒక రోజు అటూ ఇటూ, అంతే.

కాగితాన్ని అడ్డంగా పెట్టి పైన వరసగా ఇవి రాయండి: మృగశిర (జూన్ 8), ఆరుద్ర (జూన్ 22), పునర్వసు (జూలై 6), పుష్యమి (జూలై 20), ఆశ్లేష (ఆగస్టు 3), మఖ (ఆగస్టు 17), పుబ్బ (ఆగస్టు 31), ఉత్తర (సెప్టెంబరు 13), హస్త (సెప్టెంబరు 27), చిత్త (అక్టోబరు 11), స్వాతి (అక్టోబరు 24), విశాఖ (నవంబరు 6). మిగతా పదిహేను మీ ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరులో ఉంటాయి, చివరిది మే 25న వచ్చే రోహిణి. ఎడమవైపు నిలువుగా పిట్టల పేర్లు. మొదటిసారికి అన్నీ వద్దు, పదిహేను చాలు. వాటిలో సగం రోజూ కనిపించేవే ఉండాలి. అందరూ అరుదైన పిట్టతో మొదలుపెట్టి ఉత్సాహం చల్లారి వదిలేస్తారు.

పిట్టల పేర్లకు పైన, కార్తెల కింద ఒక వరస ఖాళీగా ఉంచండి. అది ‘నడకలు’ వరస. ఆ కార్తెలో మీ చెరువుకు ఎన్నిసార్లు వెళ్లారో అందులో రాయాలి. కాగితం మొత్తానికి ప్రాణం ఆ వరసే.

ఇప్పుడు నోటుబుక్కు తిరగేస్తూ గళ్లు నింపండి. నియమం ఒక్కటే. వెళ్లారు, పిట్ట కనిపించింది: ఎన్ని నడకల్లో కనిపించిందో ఆ అంకె. వెళ్లారు, కనిపించలేదు: సున్నా. అసలు వెళ్లనే లేదు: అడ్డగీత. సున్నాను ఒక రంగుతో, అడ్డగీతను ఇంకో రంగుతో వేయండి. ఈ రెంటినీ కలిపేస్తే తర్వాత వేసే ప్రతి లెక్కా తప్పుతుంది. ‘కార్తీక మాసంలో పింటెయిల్ బాతులు లేవు’ అనే మాటకూ, ‘కార్తీక మాసంలో మేం చెరువుకు పోలేదు’ అనే మాటకూ చాలా దూరం. పాత నోటుబుక్కుల్లో సున్నా ఎక్కడా రాసి ఉండదు. ఆ రోజు చూసినవన్నీ రాశారన్న నమ్మకం ఉంటేనే, రాయని పిట్టకు ఇప్పుడు సున్నా వేయగలరు. ‘అన్నీ’ అన్నది ఇందుకే.

మొత్తం కాదు, పాలు చూడండి

కాగితం నిండాక లెక్కలోకి దిగుదాం. పాలు అంటే వంతు, మొత్తం నడకల్లో పిట్ట కనిపించిన నడకలు ఎన్ని అని. ఒక ఊహా విద్యార్థిని తీసుకుందాం. ఆమె మొదటి ఏడాది వడ్డేపల్లి చెరువు కట్ట మీద 20 సార్లు నడిచింది, పాలపిట్టను 6 నడకల్లో చూసింది. రెండో ఏడాది పట్టుదల పెరిగి 40 సార్లు నడిచింది, పాలపిట్ట 8 నడకల్లో కనిపించింది. ‘నిరుడు ఆరు, ఈ ఏడు ఎనిమిది, పాలపిట్టలు పెరిగినయి’ అని సంతోషపడింది. లెక్క మాత్రం వేరేగా ఉంది. నిరుడు 20లో 6 అంటే నూటికి 30. ఈ ఏడు 40లో 8 అంటే నూటికి 20. కనిపించడం తగ్గింది, తిరగడం పెరిగింది. అంకెలు చూసి మురిసినచోటే ఆగి ఆలోచించాల్సి వచ్చింది.

ఈ పాలునే పక్షుల లెక్కల్లో దేశమంతా వాడుతున్నారు. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల మీద అంచనాలు వేసింది. దానికి ఆధారం సామాన్య పరిశీలకులు ఈబర్డ్‌లో పెట్టిన దాదాపు 3 కోట్ల నమోదులు. ఎంతమంది, ఎన్ని చోట్ల, ఎన్ని పూర్తి జాబితాలు ఇచ్చారు, వాటిలో ఎన్నింటిలో ఈ పిట్ట ఉంది అన్నదే అక్కడా మూలసూత్రం. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట ఆ నివేదికలో మంచి వార్తగా రాలేదు. ప్రపంచ స్థాయిలో దాని స్థితిని మళ్లీ అంచనా వేయాలని సూచించిన 14 జాతుల్లో అదొకటి. ఊళ్లో తీగ మీద రోజూ కనిపించే పిట్ట గురించి ఆ సంగతి తేలిందంటే, రోజూ కనిపిస్తున్నా ఓపికగా రాసినవాళ్ల వల్లే.

పాలు తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, చిన్న అంకెలను నమ్మకండి. చిత్త కార్తెలో రెండే నడకలు, రెంటిలోనూ పిట్ట కనిపిస్తే నూటికి నూరు వస్తుంది. అది పాలు కాదు, అదృష్టం. కనీసం మూడు నాలుగు కార్తెలు కలిపి ఒక కాలంగా చూడండి. రెండోది, వలస పిట్టకు ఏడాది మొత్తం మీద పాలు తీయొద్దు. 20 నడకల్లో పింటెయిల్ 3 సార్లు కనిపిస్తే నూటికి 15 అని రాస్తారు. కానీ ఆ 20లో శీతాకాలం నడకలు 6 మాత్రమే అయితే, అసలు పాలు 6లో 3, అంటే సగం. వేసవిలో సైబీరియా దిక్కున ఉన్న పిట్టను ఇక్కడ కనిపించలేదని తప్పుపట్టడం అన్యాయం.

ఇంకో సంగతి, నోటుబుక్కుల్లో తరచూ పట్టుబడేది. దసరా. ఆ రోజు పాలపిట్టను చూస్తే మంచిదని ఊరంతా జమ్మిచెట్టు దారిలో మెడలు ఎత్తి వెతుకుతారు, మనమూ వెతుకుతాం. హస్త, చిత్త గళ్లలో పాలపిట్ట ఒక్కసారిగా పెరుగుతుంది. పెరిగింది పిట్ట కాదు, చూపు. అలాంటి రోజును లెక్కలోంచి తీసేయక్కర్లేదు, గడి మూలన ‘ద’ అని చిన్నగా రాసి పెట్టుకోండి. వల వేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో తెచ్చి డబ్బులకు చూపించే పాలపిట్టను మాత్రం అసలు రాయొద్దు. అది నేరం, డబ్బిచ్చి చూడటమంటే ఆ నేరానికి గిరాకీ పెంచడమే.

సున్నా ఎందుకు వచ్చింది?

కాగితం మీద సున్నాలు వరసగా పడిన చోట ఆగండి. ‘పిట్ట లేదు’ అనేయడానికి ముందు నన్నడిగితే మూడు అనుమానాలు తీర్చుకోవాలి.

గొంతు మొదటిది. కోకిలకు డిసెంబరులో సున్నాలు పడతాయి, మార్చి నుంచి ఒక్కసారిగా అంకెలు వస్తాయి. కోకిల ఎక్కడికీ పోలేదు. మీ వీధి రావిచెట్టులోనే పండ్లు తింటూ నోరు మూసుకుని కూర్చుంది. కూయకపోతే కోకిలను పట్టుకోవడం కష్టం, ముఖ్యంగా ఒళ్లంతా తెల్ల మచ్చల ఆడపిట్టను. అందుకే వచ్చే ఏడాది నుంచి చూసిన పిట్టకు ‘చూ’, విన్న పిట్టకు ‘వి’ అని పక్కన రాయండి. అప్పుడు సున్నాకు కారణం నోటుబుక్కే చెబుతుంది.

రెండోది ఆకు. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో టేకు ఎండాకాలానికి ఆకు రాలుస్తుంది. అప్పుడు కొమ్మ మీద వడ్రంగిపిట్ట దూరం నుంచే కనబడుతుంది. ఆగస్టులో అదే చెట్టు కింద నిలబడ్డా కనబడదు. కాబట్టి అడవి లెక్కనూ చెరువు లెక్కనూ ఒకే కాగితం మీద కలపొద్దు.

మూడోది నీళ్లు. మన ప్రాంతానికి ఇదే అసలు తాళంచెవి, మిగతా రెంటికంటే దీని మీద ఎక్కువసేపు కూర్చోండి. చెరువు నిండి మత్తడి దూకుతున్నప్పుడు అంచున బురద ఉండదు. బురదలో ముక్కు గుచ్చి పురుగులు తినే ఉల్లంకి జాతి పిట్టలకు అక్కడ కాలు పెట్టే చోటే లేదు. మునిగి ఈదే నీటికాకులు, బొల్లికోళ్లు హాయిగా ఉంటాయి. యాసంగికి తూము తీసి నీళ్లు వదలడం మొదలయ్యాక, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, శిఖం, అంటే చెరువు లోపలి నేల, మెల్లగా బయటపడుతుంది. అప్పుడు బురద పిట్టలు దిగుతాయి. తామరాకుల మీద పొడవాటి వేళ్లతో నడిచే జకానాలు ఆకులున్న లోపలి మడుగుల్లోకి జరుగుతాయి. ఇంకా నీళ్లు తగ్గితే నత్తలు పైకి తేలి చిల్లుముక్కు కొంగల పంట పండుతుంది. వాటి రెండు ముక్కు దవడలు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తను పట్టి లోపలి మాంసం లాగడానికి పనికొచ్చే ముక్కు అది. అంటే ఒకే చెరువు ఒకే ఏడాదిలో మూడు నాలుగు వేరు వేరు చెరువులు.

దీనికి తోడు ఇప్పుడు నీళ్లు వాన మీదే ఆధారపడి లేవు. 2015లో మిషన్ కాకతీయ మొదలై చాలా చెరువుల పూడిక తీశారు, లోతు పెరిగింది. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు వచ్చే ధర్మసాగరం లాంటి చోట ఎండాకాలంలోనూ నీళ్లు నిండుగా కనిపించవచ్చు. రైతుకు మంచిదే. బురద పిట్టకు మాత్రం ఆ ఏడాది అక్కడ అన్నం లేదు. మీ కాగితంలో దానికి సున్నాలు పడితే ‘వలస తగ్గింది’ అని రాసేముందు పంపులు నడిచాయా అని చూడాలి. వరంగల్ వాళ్లకు ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలేశారు. ఆ శీతాకాలం భద్రకాళి అంకెలను ముందటి ఏడాదితో పోల్చడం కుదరదు. అది వేరే చోటు కింద లెక్క. కానీ అప్పుడే ధర్మసాగరం, వడ్డేపల్లి కట్టల మీద నడిచినవాళ్ల నోటుబుక్కులు బంగారం. అక్కడ లేచిన పిట్ట ఇక్కడ వాలిందా లేదా అన్నది వాళ్లకే తెలుస్తుంది.

అందుకే వచ్చే ఏడాది ఆరో సంగతి చేర్చండి: నీటి మట్టం. మీటర్లు అక్కర్లేదు. ‘మత్తడి దూకుతోంది’, ‘మత్తడికి రెండు మెట్లు కింద’, ‘తూము కనబడుతోంది’, ‘శిఖం సగం బయట’, ‘అడుగున మడుగులే’. ఈ ఐదు మాటలు చాలు. ఎప్పుడూ ఒకే రాయి దగ్గర నిలబడి చూడండి.

వచ్చే ఏడాదికి

ఇప్పుడు పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టుకోండి. పాతదాంట్లో అడ్డగీతలు ఎక్కడ ఎక్కువ పడ్డాయో చూడండి. చాలామందికి అవి పునర్వసు నుంచి ఉత్తర దాకా ఉంటాయి. వాన, బురద, దోమలు, ఎవరూ కదలరు. పిట్టల పుస్తకం ఎక్కువగా తెరవాల్సిన కాలంలోనే మూసి ఉంటుంది. కొత్త ఏడాది ప్లానుకు ముడిసరుకు ఆ ఖాళీ గళ్లే. కొత్త చోట్ల జాబితా తర్వాత రాసుకోవచ్చు.

నా సలహా ఇది. ఇంటికి దగ్గరగా, చెప్పులు వేసుకుని పోగలిగిన ఒక చోటును పెట్టుకోండి. చెరువు కట్ట కావచ్చు, కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్ కావచ్చు, మీ పొలం గట్టు కావచ్చు. ప్రతి కార్తెకూ అక్కడ ఒక్క నడకైనా పడాలి. ఒకే దారి, ఒకే గంట, పొద్దు పొడిచిన వెంటనే. ఏడాదికి 27 నడకలు ఎవరికైనా సాధ్యమే. దూరపు ప్రయాణాలు దాని తర్వాత.

దూరాలు ఎంచేటప్పుడు కాలాన్ని చూసి ఎంచండి, సెలవుల్ని చూసి కాదు. నర్సంపేట మీదుగా పాకాల వెళ్తే రెండు వేర్వేరు రుతువుల్లో వెళ్లండి. బాతుల కోసం శ్రవణం, ధనిష్ఠ కార్తెలు. తొలకరి రోజుల్లో తెల్లవారుజామున అడవి అంచున నిలబడితే పొన్నంగి పిట్ట రెండు స్వరాల ఈల వినిపించే అవకాశం ఉంది. గోదావరి ఒడ్డుకు వెళ్తే శీతాకాలంలో ఇసుక మేటల మీద జక్కవలను వెతకండి. కావ్యాల్లో చక్రవాకాలుగా మనకు తెలిసినవి ఇవే, ఇటుక రంగు బాతులు. మేడారం జాతర వచ్చే ఏడాదైతే మాఘంలో తాడ్వాయి, ఏటూరునాగారం దారి పెట్టుకోకండి. అమ్మవార్లను దర్శించుకుని రండి, పిట్టలకు ఇంకోసారి. బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందులు ఉన్నాయని 2013లో తెలిసినప్పటి నుంచి అందరికీ అక్కడికి పోవాలనే ఉంటుంది. అటవీ శాఖ అనుమతి లేకుండా వద్దు, శీతాకాలమంతా వాటి గూళ్ల కాలం కాబట్టి గుట్టకు దగ్గరగా అసలే వద్దు. రాబందులకు విషమైన, పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫినాక్‌ను 2006లో నిషేధించేనాటికే దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన కాసిని గూళ్లకు మన ఫొటోల సరదా భారం కాకూడదు.

క్యాలెండరు మీద రెండు తేదీలు గుండ్రంగా చుట్టుకోండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన ఉంటుంది, 1987 నుంచి నడుస్తోంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. ఆ రోజుల్లో మీ పదిహేను నిమిషాల జాబితా కూడా లక్షల జాబితాల్లో కలుస్తుంది.

ఒక్క ప్రశ్న

ప్లానులో చివరిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: ఏడాదికి ఒక్క ప్రశ్న. ‘కొత్తవి పది చూడాలి’ అన్నది ప్రశ్న కాదు. అవునో కాదో, ఎన్నో, ఎప్పుడో అని జవాబు రావాలి. మీకు తట్టకపోతే ఇదిగో ఒకటి, మీరు వాడుకోవచ్చు.

గిజిగాడి గూళ్లు చెట్టుకు తూర్పు వైపే ఎక్కువగా ఉంటాయని, నైరుతి గాలివాన దెబ్బ తగలకుండా అలా కడతాయని చాలాకాలంగా చెబుతారు. మీ ఊళ్లో అది నిజమేనా?

గూళ్లున్న ఒక ఈతచెట్టునో తాటిచెట్టునో, బావి మీదికి వంగిన తుమ్మనో ఎంచుకోండి. ముప్పై అడుగులకంటే దగ్గరికి పోవద్దు. కింద నుంచి చూస్తూ చెట్టును మనసులోనే రెండుగా కోసి తూర్పున ఎన్ని, పడమర ఎన్ని రాయండి. ఆ పైన ప్రతి గూడు ఏ దశలో ఉందో చూడండి. మొదట మగపిట్ట కొమ్మకు పోగులు చుట్టి ఒక కడియం వేలాడదీస్తుంది. వరి ఆకు అంచునో తాటి మట్టనో ముక్కుతో కొరికి, పక్కకు ఎగిరి, నారలా చీల్చుకొస్తుంది. ఆ కడియానికి పైకప్పు వచ్చి గూడు టోపీ ఆకారానికి చేరగానే పని ఆపుతుంది. అక్కడ తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టి కేకలు వేస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని చూస్తుంది, పోగులు లాగి చూస్తుంది. నచ్చితేనే మగపిట్ట గుడ్ల అర, కిందికి దిగే గొట్టం పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ టోపీ అలాగే ఎండిపోతుంది. ఒక గూడు కుదిరాక మగపిట్ట ఇంకో టోపీ మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. కాబట్టి ఎండిన టోపీలన్నీ తిరస్కరించిన ఇళ్లు. వాటిని పూర్తయిన గూళ్లతో కలిపి లెక్కపెడితే జవాబు తప్పుతుంది. మూడు వరసలు పెట్టండి: కడియం, టోపీ, గొట్టం. ఆరుద్ర నుంచి ఉత్తర దాకా కార్తెకు ఒకసారి.

గూళ్లు ఎప్పుడు మొదలయ్యాయో మీకంటే ముందు తెలిసేది చెట్టెక్కే గౌడన్నకే. సిగ్గుపడకుండా అడగండి. ‘అన్నా, ఈసారి గిజిగాడు ఎప్పుడు మొదలువెట్టిండు?’ అంటే ‘మొన్న వాన పడ్డంక మూడు దినాలకు’ అని ఠక్కున చెప్తాడు. ఆ జవాబును అలాగే, ఎవరు చెప్పారో కలిపి, మీ సొంత చూపుకు వేరుగా రాసుకోండి.

ఒక చెట్టు మీద తూర్పున 14, పడమర 5 వచ్చిందనుకోండి. వెంటనే ‘రుజువైంది’ అనకండి. ఆ చెట్టుకు పడమరన మట్టలే తక్కువేమో, పడమర వైపు కరెంటు తీగ ఉందని కొమ్మలు నరికారేమో. కనీసం నాలుగైదు చెట్లు, వేర్వేరు చోట్ల చూడాలి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు తలో చెట్టు పంచుకుంటే ఒక్క వానాకాలంలో తేలిపోతుంది.

ఈ పక్షం చేయాల్సింది

పాత నోటుబుక్కుతో 27 గళ్ల కాగితం నింపండి, పదిహేను పిట్టలకే. నడకల వరస తప్పనిసరి. మూడు పిట్టలకు పాలు తీయండి: ఏడాదంతా ఉండేది ఒకటి, వలస వచ్చేది ఒకటి, మీకు తగ్గిందనిపించేది ఒకటి. వరసగా సున్నాలు పడిన ఒక చోటు ఎంచుకుని గొంతు, ఆకు, నీళ్లు మూడింటిలో కారణం ఏదో రెండు వాక్యాల్లో రాయండి. ఏ కారణమూ కుదరకపోతే ‘తెలియలేదు’ అనే రాయండి, దానికీ మార్కులున్నాయి. కొత్త కాగితం మీద మీ దగ్గరి చోటు పేరు, మీ ప్రశ్న పైన పెద్ద అక్షరాలతో ఉండాలి. మొదటి నడక మృగశిర లోపల పడాలి, వాన పడినా సరే. పెన్నుకు బదులు పెన్సిల్ తీసుకెళ్లండి, తడిస్తే సిరా కారుతుంది.

పదమూడో పాఠం చెవుల మీద. పైడికంటె, గుడ్లగూబ, పసులపోలిగాడు పొద్దు పొడవకముందే మొదలుపెట్టే గొంతులను వేరుచేయడం. దానికి ముందు ఒక రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు డాబా మీద పది నిమిషాలు కూర్చుని, విన్న క్రమంలో రాసి పెట్టుకోండి. పేర్లు తెలియకపోతే ‘టుక్ టుక్’, ‘చీర్’ అని రాసినా సరిపోతుంది.